ఇస్త్రీ గోడ

"అక్కడ కూర్చోకండి పెద్దాయనా. ఇటు రండి."

బస్సు ఫ్యాను బెల్టు తెగి రోడ్డువారన ఆగిపోయి అప్పటికి పావుగంటయింది. డ్రైవరు ఎదురొచ్చిన లారీని ఆపి, వెనకటి ఊరికి బెల్టు తేవడానికి వెళ్లాడు. జనం నీడ వెతుక్కుంటూ తలోదిక్కూ పోయారు. నాకు దొరికిన నీడ ఎప్పుడో మూసేసిన ఒక టీ దుకాణం గోడది. దాని మొదట్లో చతికిలబడబోతుంటే ఈ మాట వినపడింది. నలభై దాటిన మనిషి, బక్కపలచటివాడు, భుజాన నల్ల సంచీ. దగ్గరికొచ్చి వేలి కణుపుతో గోడను మూడుచోట్ల కొట్టి, చెవి ఆనించి విన్నాడు. లోపల డొల్లగా ఉందనీ, గట్టి వాన పడితే నిలవదనీ చెప్పాడు. అప్పటిదాకా నా కంటికి తిన్నగా ఉన్న గోడ, అతను చెప్పాక చూస్తే నిండు చూలాలిలా ముందుకు పొంగి ఉంది.

ఇద్దరం పోయి కల్వర్టు మీద ఎండలోనే కూర్చున్నాం.

నాకు కాలు ఒకచోట నిలవదు. దారిలో తగిలినవాణ్ణి నేను మొదట అడిగేది అతను చేసే పని. తన గొప్పల గురించి ఎన్ని కోతలు కోసేవాడైనా, పని దగ్గరికొచ్చేసరికి అబద్ధమాడటానికి బద్ధకిస్తాడు. చేతులు ఊరుకోవు, నిజం చెప్పేస్తాయి. ఇతను గదులకు ఫోటోలు తీస్తాడట. గదుల్లో ఉండే మనుషులకా అని అడిగాను.

"మనుషులుంటే పనికిరాదండీ. అందర్నీ బయటికి పంపించి తీస్తాం" అన్నాడు.

అతని ఊరు బొగ్గు మీద కట్టిన ఊరు. కింద డెబ్బై ఏళ్లపాటు తవ్వి తవ్వి డొల్ల చేశారు. ఇప్పుడు నేల నెమ్మదిగా కుంగుతోంది, పైన ఇళ్లు బీటలు వారుతున్నాయి. మొత్తం పదకొండు వేల ఇళ్లు. వాటిలో ఏవి ఖాళీ చేయించాలి, ఏవి ఉంచవచ్చు అని తేల్చవలసిన ఇంజనీర్లు నలుగురు. నలుగురు ఇన్ని గడపలు తొక్కడం జరిగే పని కాదు గనక, ఫోటోల నుంచి గదిని మళ్లీ కట్టి చూపించే కంపెనీకి పని అప్పజెప్పారు. ఇంజనీరు ఆఫీసులో కూర్చుని, తెర మీద ఆ గదిలో తిరుగుతాడు, గోడలు కొలుస్తాడు, ఉండొచ్చనో వద్దనో రాస్తాడు. వద్దని రాస్తే ఆ ఇంటివాళ్లకు కొత్త కాలనీలో ఇల్లిస్తారు.

మొదట్లో ఒక్కో గదికి మూడొందల ఫోటోలు తీసేవాడట. ఒక్కో గదికి ఒక్కో న్యూరల్ నెట్‌వర్క్‌ను, అంటే నేర్చుకోగల లెక్కల అల్లికను, మొదటినుంచీ తయారుచేసేవారు. అది ఆ ఒక్క గదినే బట్టీపట్టేది. గోడ మీద మేకుందంటే మేకు, మేకు కింద తుప్పు గీతుందంటే తుప్పు గీత. ఆ గది తప్ప దానికి లోకం తెలియదు. ఒక్కటి తయారవడానికి ఒక పూట పట్టేది. ఆ లెక్కన ఊరంతా చూడటం పూర్తయ్యేలోపు చూడటానికి ఊరు మిగలదు.

అందుకని పద్ధతి మార్చారు. లక్షల గదులు చూపించి, ఒకే ఒక నెట్‌వర్క్‌కు అసలు గదంటే ఏమిటో నేర్పారు. గోడ నేలను ఎలా తాకుతుంది, కిటికీలోంచి వెలుగు ఎలా పరుచుకుంటుంది, మూలల్లో చీకటి ఎలా చిక్కబడుతుంది, ఇదంతా దాని దగ్గర ఉమ్మడి ఆస్తి. కొత్త గదికి ఆరు ఫోటోలు చాలు. వాటిని చూసి అది చిన్న అంకెల చీటీ ఒకటి రాసుకుంటుంది. ఈ గది మిగతా గదుల కంటే ఎక్కడ వేరుగా ఉందో ఆ చీటీలో ఉంటుంది. మిగిలినదంతా ఉమ్మడి చదువులోంచే నింపుతుంది. అర నిమిషంలో గది లేచి నిలబడుతుంది. రోజుకు రెండు గదులు చేసేవాడు నలభై చేయడం మొదలెట్టాడు.

నాకు ఒక స్టూడియో గుర్తొచ్చి చెప్పాను. ఒకప్పుడు నేను ఆరు నెలలు ఉన్న ఊళ్లో ఒకే ఒక్క ఫోటో స్టూడియో ఉండేది. అందులో ఒకే ఒక్క తెర. దాని మీద సరస్సు, రెండు హంసలు, పాలరాతి మెట్లు. ఆ ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా, ఏ గోడకు చూసినా, పోయిన తాతలందరూ అదే సరస్సు గట్టున బతికినట్టే ఉండేవారు. తాగడానికి నీళ్లు లేని ఊరది.

అతను నవ్వలేదు. "మా దాంట్లోనూ అంతేనండీ. కాకపోతే తెర మనిషి వెనకాల ఉండదు, ముందుంటుంది" అన్నాడు.

ఆ మాటకు అర్థం తర్వాత తెలిసింది. ఆ ఉమ్మడి నెట్‌వర్క్‌కు మామూలు గది అంటే మంచినీళ్ల ప్రాయం. ఎన్నడూ చూడనిది ఎదురైతేనే తడబడుతుంది. గోడ పొంగినా, పలకలుగా విడిపోయినా, అది గోడని ఒప్పుకోలేక, కాదని తోసెయ్యలేక, ఆ చోట మసక పోస్తుంది. మసక వచ్చిన గదిని కంపెనీ తిప్పి పంపుతుంది. ఒక రోజులో మూడు గదులు తిరిగొస్తే మర్నాడు పని ఇవ్వరు. బీటలున్నాయేమో చూడమని పంపిన మనుషులకు బీటలున్న చోటే పని తిరిగొచ్చేది. ఫారంలో 'ఇతర వివరాలు' అని ఒక గడి ఉంది. అందులో ఒక్క ముక్క రాస్తే చాలు, ఆ గదిని మనిషి స్వయంగా చూసి తీరాలి. కానీ ఆ గడి నింపినవాడి పేరు పక్కన 'నిదానస్తుడు' అని పడుతుంది. అందుకని ఎవడూ నింపడు.

ఈ చిక్కుకు మందు కనిపెట్టింది ఇతనే. తెల్లటి దుప్పటి.

మసక వచ్చేచోట గోడకు నాలుగు చిన్న మేకులు కొట్టి దుప్పటి బిగించి కట్టాలి. ముడత ఉంటే నెట్‌వర్క్ దాన్ని గుడ్డగా పోలుస్తుంది. ముడత లేకుండా చదునుగా ఉంటే గోడ అనుకుంటుంది, తనకు తెలిసిన లక్ష గోడల్లోంచి ఒకటి తెచ్చి అక్కడ నిలబెడుతుంది. గది నిగనిగలాడుతూ వస్తుంది. ఫోటోగ్రాఫర్లందరూ నేర్చుకున్నారు. అతన్ని 'దుప్పటి మేష్టారు' అని పిలవడం మొదలెట్టారు. ఈ మాట చెప్పేటప్పుడు అతని మొహంలో ఒక క్షణం వెలుగు కనిపించింది. దాచుకోవడానికి సంచీ జిప్పు సర్దుకున్నాడు.

దుప్పట్లు అక్క ఇచ్చేది.

తల్లి పోయాక ఇతన్ని పెంచింది అక్కే. ఇద్దరికీ పద్నాలుగేళ్లు తేడా. ఆవిడ ఒక చిన్న ఆసుపత్రి దుప్పట్లు ఇంటి ముందు గదిలోనే ఇస్త్రీ చేస్తుంది. బొగ్గుల పెట్టె వాడిన చేయి, కరెంటు పెట్టె వచ్చినా బలం తగ్గించలేదు. దుప్పటి మీద నీళ్లు చిలకరించి, అంచు లాగి, ఒక్క రుద్దు రుద్దిందంటే అది గుడ్డలా ఉండదు, రేకులా నిలబడుతుంది. వేరేవాళ్ల దుప్పట్లు కడితే నెట్‌వర్క్ పదిసార్లలో నాలుగుసార్లు పసిగట్టేది. అక్క ఇస్త్రీ చేసిన దుప్పటిని మాత్రం ఒక్కసారీ పసిగట్టలేదు. వారానికొకటి పట్టుకెళ్లి, మాసింది తెచ్చిచ్చి, కొత్తది తీసుకునేవాడు. దేనికని ఆవిడ అడిగింది. ఫోటోల్లో వెలుతురు కోసం అన్నాడు.

అక్క ఇల్లు కూడా అదే ఊళ్లో, గని క్వార్టర్ల చివరి వరసలో. ముందు గది ఎడమ గోడ నడుము దగ్గర జానెడు పొంగి, పైనుంచి కిందికి చెయ్యి దూరేంత బీట. ఆ గోడకే బావ మంచం. బావ గనిలో మనుషుల్ని దించే ఇంజను నడిపి నడిపి చెవులు పోగొట్టుకున్నవాడు. తనకు వినపడదు గనక ఊరందరికీ వినపడేలా మాట్లాడతాడు. ఖాళీ చేసి పోదామని మొగుడూ పెళ్లాలిద్దరికీ ఉంది. పనిముట్లు పెట్టెలో సర్ది కూడా పెట్టుకున్నాడాయన. ఇరుగుపొరుగువాళ్లు వేరే ఫోటోగ్రాఫర్లతో తీయించుకున్నా, అక్క మాత్రం ఎవర్నీ గడప తొక్కనివ్వలేదు. తమ్ముడొస్తే సరిగ్గా చూస్తాడని ఆపింది. నెల రోజులు ఆపింది.

అతను వెళ్లిన రోజు అప్పటికే రెండు గదులు తిరిగొచ్చి ఉన్నాయి. ఇంకొక్కటి తిరిగొస్తే మర్నాడు పని లేదు. బీట చూశాడు. ముందు ఆరు ఫోటోలూ శుభ్రంగా తీసి పంపేసి, గోడకు విడిగా ఒక ఫోటో తీసి ఇంజనీరు చేతిలో స్వయంగా పెడదామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడట. ఆ మాట నాకు మూడుసార్లు చెప్పాడు.

సంచీలో దుప్పటి నలిగి ఉంది. అక్కను ఒకటడిగాడు. ఆవిడ అప్పుడే ఇస్త్రీ చేసిన వేడి దుప్పటి తీసుకొచ్చింది. ఒక కొస తను పట్టుకుంది, రెండో కొస అతను పట్టుకున్నాడు. బిగుతుగా లాగి మేకులు కొట్టారు. బావ మంచం మీంచి లేస్తూ చూశాడు.

"ఏరా బావమరిదీ, గోడకి పరదా వేశారేంట్రా? దానికి సిగ్గా?"

"వెలుతురు కోసంటండీ" అని అక్క ఆయన చెవిలో అరిచింది.

"వెలుతురా? బీట మూసేస్తే ఉన్న వెలుతురు కూడా పోతుంది కదే" అన్నాడాయన. ముగ్గురూ నవ్వారు. తర్వాత ఇద్దర్నీ బయటికి పంపించి ఆరు ఫోటోలు తీశాడు.

గది అర నిమిషంలో వచ్చింది. మసక లేదు, మచ్చ లేదు. ఎడమ గోడ ఊరి మొత్తంలోకీ తిన్నని గోడ. ఇంతలో ఫోను మోగింది, ఊరి అవతల పన్నెండు ఇళ్లు ఎదురుచూస్తున్నాయి, వెంటనే రమ్మన్నారు. దుప్పటి తర్వాత తీస్తానులే అక్కా, గోడకు ఇంకో ఫోటో తీయాలి, అలాగే ఉంచు అని చెప్పి వెళ్లిపోయాడు. ఆవిడ అలాగే ఉంచింది. తమ్ముడు ఉంచమన్నది తీసే మనిషి కాదు. నాలుగో రోజున ఆ ఇంటికి 'ఉండవచ్చు' అని కాగితం వచ్చింది. తమ్ముడే చూశాడు కదా, పర్వాలేదనే అయ్యుంటుంది అనుకుని అక్క ఆ కాగితాన్ని ఇస్త్రీ బల్ల సొరుగులో దాచింది. బావ పెట్టెలోంచి పనిముట్లు బయటికి తీశాడు.

మీరెందుకు వెళ్లి చెప్పలేదు అని అడిగాను. రేపు, రేపు అనుకున్నాడట. రోజుకు నలభై గదులు కట్టేవాడికి ఒక్క గది గుర్తుండదండీ అన్నాడు. అది అబద్ధం కాదని నాకనిపించింది. మనుషుల్ని గుంపుగా చూడటం అలవాటైన డాక్టర్లను నేనెరుగుదును. ఇంట్లోవాళ్ల దగ్గును కూడా వరసలో నిలబెడతారు.

తొమ్మిదో రోజు వాన. పగలు రెండు గంటలు. గోడ పటపటమంది. దుప్పటి వెనకాల గారపెళ్లలు రాలి మూటలా ఉబ్బింది. అక్క వంటగదిలోంచి చూసి లేవమని కేక పెట్టింది. ఆయన అటు తిరిగి పడుకుని ఉన్నాడు. మూడు కేకలు పెట్టింది. చెయ్యి పట్టి లాగుదామని పరుగెత్తేసరికి గోడే ముందు చేరింది.

ఆ తర్వాతది చెప్పేటప్పుడు అతను నా వైపు చూడలేదు, రోడ్డు అవతల మేకలు కాసుకునే ముసలావిడను చూస్తూ చెప్పాడు. కూలిన ఇంటిని రికార్డు చేయాలని కంపెనీ ఫోటోగ్రాఫర్‌ను పంపాలనుకుంది. ఆ ఇంటికి మొదట ఎవరు ఫోటోలు తీస్తే వాళ్లే వెళ్లాలి. వెళ్లాడు. బావ శవాన్ని తీసుకెళ్లాక కూడా రాళ్ల మధ్య అక్క కూర్చుని ఉంటే, కాస్త పక్కకు జరగమని చెప్పి ఆరు ఫోటోలు తీశాడు. మసకగా ఉందని తిప్పి పంపారు. మళ్లీ తీశాడు. మళ్లీ తిప్పి పంపారు. శిథిలమంటే ఆ నెట్‌వర్క్‌కు తెలియదు మరి. ప్రతిసారీ ఆవిడ లేచి జరిగింది, అయిపోయాక వచ్చి అదే చోట కూర్చుంది. చివరికి పాత పద్ధతిలో మూడొందలు తీయమన్నారు. సాయంత్రందాకా తీశాడు. ఆ మూడొందలూ ఉమ్మడి నెట్‌వర్క్‌కు నేర్పడానికి వాడారు. ఇప్పుడది బీటలను బాగా గుర్తుపడుతోందట. అతనికి అభినందనలు చెబుతూ మెసేజి వచ్చింది.

విచారణ నిన్న జరిగింది. ముగ్గురు అధికారులు, కంపెనీ తరఫున ఒకాయన, ఇతను, బల్ల చివర అక్క. శిథిలంలో దుప్పటి దొరికింది, దాని మీద ఆసుపత్రి ముద్ర ఉంది. తెర మీద గోడను పెద్దది చేసి చూస్తే నాలుగు మూలలా నాలుగు మేకు తలలు కనిపించాయి. పని చేసే చోటికి దూరమవుతామన్న భయంతో బీటలు దాచేవాళ్లు ఆ ఊళ్లో కొందరున్న మాట నిజం. వీళ్లూ అలాగే దాచారని ఫైలులో ముందే రాసుకున్నారు. దాచినట్టు తేలితే కాలనీలో ఇల్లు రాదు. కంపెనీ ఆయన మెట్ల మీద ఇతన్ని ఆపి, అడిగినదానికే జవాబు చెప్పు, ఎక్కువ మాట్లాడకు అన్నాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. పక్క జిల్లాలో మరో ఊరు కుంగుతోంది, అక్కడ ఇరవైమంది కొత్తవాళ్లకు పని నేర్పడానికి ఇతన్నే అనుకుంటున్నారని.

దుప్పటి ఎప్పుడు కట్టారని అధికారి ఇతన్నడిగాడు.

"నేను వెళ్లేసరికే గోడ తెల్లగా ఉందండీ" అన్నాడు ఇతను.

అక్క తల తిప్పి చూసింది. తర్వాత అధికారి ఆవిడ వైపు తిరిగాడు.

"దుప్పటి మీదేనామ్మా?"

"మా ఇంట్లోదేనయ్యా."

"ఎవరు కట్టారు?"

"పట్టుకున్నది నేనే" అంది ఆవిడ. "ఇస్త్రీ చేసింది కూడా నేనే."

అధికారి రాసుకున్నాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. కాలనీ ఇల్లు పోయింది. ప్రస్తుతం ఆవిడ ఆసుపత్రి వెనకాల మాసిన దుప్పట్లు పోసే గదిలో పడుకుంటోంది.

బయటికొచ్చాక ఏమన్నా అందా అని అడిగాను.

"అందండీ. ఇక దుప్పట్ల కోసం రాకురా, ఆసుపత్రివాళ్లు ఒకటి తగ్గిందంటున్నారు, అంది."

ఈ బస్సులో అతను వెళుతున్నది ఆ పక్క జిల్లా ఊరికే, ఆ ఇరవైమందికి నేర్పడానికే.

నేను చాలామంది దొంగల్ని చూశాను, ఇద్దరు హంతకులతో కలిసి ప్రయాణం చేశాను. తప్పు చేసినవాడి మొహం నాకు కొత్త కాదు. ఇతని మొహంలో ఉన్నది పశ్చాత్తాపమో, పని చెడిపోయినవాడి చిరాకో తేల్చుకోలేకపోయాను. విచారణ ముగిసినట్టేనా అనడిగితే, అభ్యంతరాలుంటే శనివారంలోపు రాసి పంపవచ్చన్నారని చెప్పాడు. ఆ రోజు బుధవారం. మూడు రోజులున్నాయి. రాయండి అన్నాను. రాయడం రాదన్నాడు. ఫారాలు నింపడమే కాని ఇలాంటివి అలవాటు లేదన్నాడు.

నేను సంచీలోంచి కాగితం తీసి, మోకాలి మీద పుస్తకం ఆనించుకుని రాశాను. అతను చెప్పిందే అతని మాటల్లోనే పెట్టాను. దుప్పటి నేను అడిగాను, మేకులు నేను కొట్టాను, అలాగే ఉంచమన్నది నేను, మా అక్కకు అది దేనికో తెలియదు, దాని వెనకున్న బీటను యంత్రం చూడలేదు, అక్కడ గోడ ఉందని ఊహించింది. మొత్తం ఒక పేజీ కూడా కాలేదు. కింద సంతకానికి చోటు వదిలి, ఇది చాలు, ఆవిడకు ఇల్లొస్తుంది అని చెప్పి కాగితం, కలం అతని చేతికిచ్చాను.

చదివాడు. ఫోటోగ్రాఫరు చదివినట్టు చదివాడు, పైనుంచి కిందికి, మళ్లీ మూలలనుంచి లోపలికి. పెదాలు కదిలాయి. 'మా అక్కకు' అన్నచోట ఆగాడు. అదే సమయానికి డ్రైవరు బెల్టుతో దిగాడు. బస్సు దగ్గర జనం పోగయ్యారు. ఎవరో ఇంజను కింద దూరి ఏదో అరుస్తున్నారు. అతను కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని కలం మూత తీశాడు.

అతను ఒక మాట కొట్టేసి, దాని పైన శ్రద్ధగా ఇంకో మాట రాశాడు. కలానికి మూత పెట్టి, కాగితంతో సహా నా పక్కన రాయి మీద పెట్టి లేచాడు. బస్సెక్కడానికే అనుకుని నేను ముందు కాగితం అందుకున్నాను.

'ఊహించింది' అన్నది కొట్టేసి 'నింపింది' అని రాశాడు. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. కింద సంతకం చోటు ఖాళీగానే ఉంది.

తలెత్తేసరికి అతను బస్సును దాటిపోయాడు. డ్రైవరు పిలిచాడు, ఇంకో పది నిమిషాల్లో బయల్దేరతామని కేకేశాడు. అతను వినిపించుకోలేదు. సంచీ రెండో భుజానికి మార్చుకుని, పక్క జిల్లా వైపు పోయే ఆ రోడ్డు మీదే, ఎండలో, పని వేళ మించిపోతున్నవాడిలా గబగబా నడిచిపోయాడు.